ముగ్గురికి పేరు పెట్టిందెవరు?



పోయిన ఆదివారం రాసినదాని మీద ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు. ఎమ్మే చదువుతున్నాడు. రాత్రుళ్లు మేలుకొని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చూస్తాడట. "అన్నా, మీరు ప్రతిదాంట్లో కులం వెతుకుతారు. ఫుట్‌బాల్ చూడండి. గోల్ కొడితే గోలే. బంతికి కులం తెలీదు, రంగు తెలీదు. టాలెంట్ ఉన్నోణ్ని ఎవడాపుతాడు?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. అది నిజమైతే బాగుండని నాక్కూడా ఉంది. రెండు లైన్లలో జవాబిద్దామని కూర్చుంటే ఇంత అయింది. తమ్ముడూ, నీకు తెలిసిన ఆటలోంచే ఒక క్లబ్బు కథ చెప్తాను. మాంచెస్టర్ కాదు, లివర్‌పూల్ కాదు. వెస్ట్ బ్రామిచ్ అల్బియన్.

బర్మింగ్‌హమ్ పక్కన ఉండే ఆ ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. ఆ నలుపు మనుషుల రంగు కాదు. బొగ్గు గనుల మసి, ఇనుప కొలుముల పొగ. అక్కడ జార్జ్ సాల్టర్ స్ప్రింగుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు 1878లో ఈ క్లబ్బు పెట్టారు. మొదటి పేరు వెస్ట్ బ్రామిచ్ స్ట్రోలర్స్. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ దొరక్క పక్కనున్న వెన్స్‌బరీ దాకా నడిచి వెళ్లి కొనుక్కొచ్చారనీ, అందుకే నడకగాళ్లు అని పేరు పెట్టుకున్నారనీ చెప్పుకుంటారు. పదేళ్లు తిరక్కుండానే, 1888లో, అప్పట్లో తిరుగులేని జట్టు ప్రెస్టన్‌ని 2-1తో ఓడించి ఎఫ్‌ఏ కప్ పట్టుకుపోయారు. అదే ఏడు మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన మొదటి పన్నెండు క్లబ్బుల్లో ఇదొకటి. 1919-20లో లీగ్ గెలిచారు. కప్ మొత్తం ఐదుసార్లు. ఈ లెక్కలన్నీ నీకు ఫోన్‌లో దొరుకుతాయి, వాటి మీద ఆగను.

ఐదో కప్ దగ్గర మాత్రం ఆగాలి. 1968 మే 18, వెంబ్లీ. ఎవర్టన్ మీద జెఫ్ ఆస్టిల్ ఒక్క గోల్ కొట్టాడు, అల్బియన్ గెలిచింది. ఆ ఆస్టిల్ తలతో బంతి కొట్టడంలో మొనగాడు. 2002లో 59 ఏళ్లకే పోయాడు. మెదడు దెబ్బతిని పోయాడు. చావు మీద విచారణ జరిపిన కరోనర్ దానికి పెట్టిన పేరు "వృత్తి వ్యాధి". గని కార్మికుడి ఊపిరితిత్తులకి వాడే మాట. తరతరాలుగా మ్యాన్‌హోళ్లలోకి దింపబడుతున్న మనవాళ్ల చావుల్ని "ప్రమాదవశాత్తు" అని రాసే దేశం నుంచి ఆ మాట చదివితే ఎలా ఉంటుందో చూడు. ఆస్టిల్ తెల్లవాడే. అయినా ఆయన ఒంటితో పనిచేసిన కూలీ. ఫుట్‌బాల్‌లో మొదటి నుంచీ ఒళ్లు ఒకరిది, డబ్బు ఇంకొకరిది. ఇది మర్చిపోయి రంగు గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

ఇప్పుడు రంగు గురించి.

ఆ గోల్‌కి సరిగ్గా నాలుగు వారాల ముందు, 1968 ఏప్రిల్ 20న, అదే బర్మింగ్‌హమ్‌లో ఇనాక్ పావెల్ అనే ఎంపీ వలసవచ్చిన వాళ్ల మీద విషం కక్కాడు. రక్తనదుల ప్రసంగం అని చరిత్రలో దానికి పేరు. పావెల్ నియోజకవర్గం వుల్వర్‌హాంప్టన్, అల్బియన్ గ్రౌండ్‌కి ఎంతో దూరం కాదు. ఇంకా దగ్గర్లో ఏముందో తెలుసా? స్మెథిక్. అల్బియన్ గ్రౌండ్ పేరు హాథార్న్స్. వెస్ట్ బ్రామిచ్, స్మెథిక్, హాండ్స్‌వర్త్ మూడూ కలిసే చోట ఉంటుంది. 1964 ఎన్నికల్లో స్మెథిక్‌లో పీటర్ గ్రిఫిత్స్ అనే టోరీ అభ్యర్థి గెలిచాడు. "నీ పక్కింట్లో నల్లోడు కావాలంటే లేబర్‌కి ఓటెయ్" అనే అర్థం వచ్చే నినాదం ఆ ప్రచారంలో తిరిగింది. అసలు మాట ఇంకా నీచంగా ఉంటుంది, ఇక్కడ రాయను. ఆయన ఆ నినాదం తనది కాదన్నాడు. తప్పని మాత్రం అనలేదు. ఈ టెక్నిక్ మనకి కొత్తా?

ఆ ఊళ్లో మార్షల్ స్ట్రీట్ అనే వీధి ఉంది. ఖాళీ అయిన ఇళ్లన్నీ కౌన్సిలే కొని తెల్లవాళ్లకే అద్దెకివ్వాలని అక్కడి తెల్లవాళ్లు అడిగారు. కౌన్సిల్ సరే అంది. మంత్రి అప్పుకి అనుమతి ఇవ్వకపోవడంతో ఆగింది. ఊరికి ఇటు మనం, అటు వాళ్లు అని గీత గీయడానికి మనుస్మృతి చదవాల్సిన పనిలేదని దీనితో తెలుస్తుంది. 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ ఆ వీధికి వచ్చి నడిచాడు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన్ని చంపేశారు. స్మెథిక్‌కి ఆయన్ని పిలిచింది ఎవరో కాదు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్. నల్లవాళ్లనీ మనవాళ్లనీ ఒక గదిలోకి రానివ్వని పబ్బుకి ఆయన్ని తీసుకెళ్లి చూపించారు. మంచి పని చేశారు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను, గుర్తుపెట్టుకో.

ఇదీ నేపథ్యం. ఇలాంటి మూడు ఊళ్ల నడుమ ఉన్న గ్రౌండ్‌లోకి 1977లో ఇద్దరు, 1978లో ఒకరు వచ్చారు.

లారీ కనింగ్‌హమ్. లండన్‌లో జమైకా తల్లిదండ్రులకి పుట్టాడు. ఆర్సెనల్ వద్దని పంపేసింది. లేటన్ ఓరియంట్‌లో ఆడుతుంటే అల్బియన్ తెచ్చుకుంది. బంతితో అతను పరిగెడుతుంటే కింద మట్టి ఉందా లేదా అన్నట్టుండేది. పాత వీడియోలు దొరుకుతాయి, చూడు.

సిరిల్ రీజిస్. ఫ్రెంచ్ గయానాలో పుట్టి చిన్నప్పుడే లండన్ వచ్చాడు. కట్టడాల దగ్గర ఎలక్ట్రీషియన్ పని చేస్తూ హేస్ అనే చిన్న జట్టుకి ఆడేవాడు. రానీ అలెన్ అనే పాత ఆటగాడు చూసి, ఐదు వేల పౌండ్లకి కొనమని క్లబ్బుకి చెప్పాడు. క్లబ్బు నసిగితే నా జేబులోంచి ఇస్తానన్నాడు. ఐదు వేలు! ఆ రోజుల్లో కూడా అది చిల్లర.

బ్రెండన్ బాట్సన్. గ్రెనడాలో పుట్టాడు. ఆర్సెనల్‌కి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. కేంబ్రిడ్జ్ యునైటెడ్ నుంచి 1978 ఫిబ్రవరిలో వచ్చాడు.

అప్పటికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్ల గురించి ఒక "శాస్త్రం" ఉండేది. వాళ్లకి చలి ఆగదు. ఆట ఉంటుంది గానీ గుండె ఉండదు. ముందు పరిగెత్తగలరు గానీ వెనక నిలబడి ఆలోచించలేరు. గోల్‌కీపర్‌గా, కెప్టెన్‌గా నమ్మలేం. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ నిరూపించినవి కావు, కోచ్‌ల నోళ్లలో తిరిగినవి. తమ్ముడూ, "మెరిట్" అనే మాట మన క్యాంపస్‌లలో ఎలా తిరుగుతుందో నీకు చెప్పాలా? మా కాలేజీ రోజుల్లో హాస్టల్ టీమ్‌లో బౌలింగ్ మొత్తం మా వాడల నుంచి వచ్చిన ముగ్గురం వేసేవాళ్లం. ఎండలో ఓవర్ మీద ఓవర్. కెప్టెన్ ఎవరనేటప్పటికి "మీరు బాగా వేస్తారు, వేయండి" అనేవాళ్లు. అది పొగడ్త అని చాలాకాలం అనుకున్నా.

మన చరిత్రలో దీనికి నిలువెత్తు సాక్ష్యం పల్వంకర్ బాలూ. 1911లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్తే ఆ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. చమార్ కులంలో పుట్టినవాడు. తిరిగొచ్చినప్పుడు జరిగిన సన్మానాల్లో యువ అంబేద్కర్ పాలుపంచుకున్నాడు. ఆ బాలూకి హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్ దాకా, 1923 దాకా ఆగాల్సి వచ్చింది. (అదే బాలూని 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ బాబాసాహెబ్ మీదే పోటీకి నిలబెట్టింది, ఓడాడు. ఆ బాధ వేరే భాగంలో రాస్తా.)

మళ్లీ హాథార్న్స్‌కి వద్దాం. ప్రతి ఊళ్లో ఆ ముగ్గురికి కోతి అరుపులు. అరటిపండ్లు. ఒకరిద్దరు తాగుబోతులు కాదు, వేలమంది ఒకే గొంతుతో. స్టేడియంల బయట నేషనల్ ఫ్రంట్ వాళ్లు కరపత్రాలు పంచేవాళ్లు. వాళ్ల కుర్రాళ్ల పత్రిక ఏ స్టేడియంలో ఎక్కువ అరిచారని పోటీ పెట్టేది. 1978 డిసెంబర్ 30న మాంచెస్టర్ యునైటెడ్ సొంత గడ్డ మీద అల్బియన్ 5-3తో గెలిచింది. కనింగ్‌హమ్ ఒకటి, రీజిస్ ఒకటి. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో అంత అందమైన మ్యాచ్‌లు కొన్నే ఉంటాయని అంటారు. ఆ వీడియో శబ్దం పెట్టుకుని విను. నల్లజాతి ఆటగాడి కాలికి బంతి తగిలినప్పుడల్లా హోరు. కామెంటేటర్ ఆగి ఆ మాట చెప్పాల్సి వచ్చింది. బంతికి రంగు తెలీదన్నావు కదా తమ్ముడూ. నిజమే, బంతికి తెలీదు.

1982లో రీజిస్‌ని ఇంగ్లండ్ జట్టుకి పిలిచారు. ఇంటికో క్లబ్బుకో అభినందనల ఉత్తరాలు వస్తాయి ఎవరికైనా. ఆయనకి వచ్చిన కవర్లలో ఒకదాంట్లో తుపాకీ గుండు ఉంది. వెంబ్లీలో కాలుపెడితే ఇది నీ మోకాళ్లలోకి అని రాశారు. ఆయన వెళ్లాడు, ఆడాడు. మొత్తం ఇంగ్లండ్‌కి ఆయన ఆడినవి ఐదు మ్యాచ్‌లు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి చెప్పాలి. హాథార్న్స్‌లో అల్బియన్ అభిమానులు వీళ్ల ముగ్గురికీ జేజేలు కొట్టారు. అక్కడే అవతలి జట్టు నల్లజాతి ఆటగాడిని తిట్టినవాళ్లూ ఉన్నారు. మన నల్లోళ్లు వేరు, వాళ్ల నల్లోళ్లు వేరు. "నువ్వు మిగతా వాళ్లలా కాదు భయ్యా, నీతో అలా ఉండదు" అని రూమ్మేట్ అన్నప్పుడు నీకు కలిగేది సంతోషమైతే, కాసేపు ఆగి ఆలోచించు. ఆ మాటలో నీకు కుర్చీ వేశారు, నీ వాడకి తలుపేశారు.

ఇక పేరు సంగతి. 1978లో మేనేజర్‌గా వచ్చిన రాన్ అట్కిన్సన్ ఈ ముగ్గురికి "త్రీ డిగ్రీస్" అని పేరు పెట్టాడు. అప్పట్లో అమెరికాలో ఆ పేరుతో ముగ్గురు నల్లజాతి గాయనుల బృందం ఉంది. ఆ గాయనుల్ని తీసుకొచ్చి ముగ్గురి పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. పత్రికలకి పండగ. ఆ పేరే నిలిచిపోయింది. ఈ రోజుకీ ఆ ముగ్గురి గురించి ఎవరు రాసినా ఆ పేరుతోనే మొదలవుతుంది. నేనూ రాశాను చూడు.

పేరు పెట్టడం ప్రేమే అంటారు. గాంధీ మనకి పెట్టిన పేరు కూడా ప్రేమతో పెట్టిందే. 1938లో బొంబాయి శాసనసభలో "హరిజన" అన్న పేరుని చట్టంలోకి తెస్తే బాబాసాహెబ్ తన సభ్యులతో లేచి బయటికొచ్చేశాడు. పేరు బాగుందా లేదా అన్నది కాదు అక్కడి గొడవ. మమ్మల్ని అడిగారా?

అట్కిన్సన్‌ని నల్లజాతి ఆటగాళ్లకి దారి తెరిచిన మనిషిగా చాలాకాలం పొగిడారు. నిజం కొంత ఉంది. ముగ్గురినీ ఒకేసారి బరిలోకి దించాడు, జనం అరిచినా వెనక్కి తీయలేదు. 1978-79లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. అయితే లెక్క చూడు. కనింగ్‌హమ్‌ని తెచ్చింది జానీ జైల్స్. రీజిస్‌ని పట్టింది రానీ అలెన్. అట్కిన్సన్ తెచ్చింది బాట్సన్ ఒక్కడినే. ముగ్గురికీ కలిపి పేరు పెట్టినవాడి ఖాతాలోకి ముగ్గురూ వెళ్లిపోయారు. పేరు పెట్టడంలో ఇంత లాభం ఉంది.

2004 ఏప్రిల్‌లో ఏం జరిగిందో కూడా విను. అప్పటికి అట్కిన్సన్ టీవీ వ్యాఖ్యాత. మ్యాచ్ అయిపోయింది, మైకు ఆఫ్ అయిందనుకున్నాడు. చెల్సీకి ఆడే మార్సెల్ డెసైలీ అనే ప్రపంచకప్ విజేతని నల్లజాతి వాళ్లకి వాడే అతి నీచమైన మాటతో తిట్టాడు. కొన్ని దేశాల్లో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఉద్యోగం వదిలేశాడు. తర్వాత చాలామంది ఆయన పక్షాన అన్నది ఒకటే: ఎంతమంది నల్లజాతి ఆటగాళ్లకి అవకాశం ఇచ్చాడో చూడండి.

దీని మీద మన మిత్రుల్లో కొందరికి నాకూ తేడా ఉంది. వాళ్లు ఆయనది మొదటి నుంచీ నాటకం అంటారు. నేను అలా అనను. ఆయన అవకాశం ఇచ్చాడు, అది నిజం. ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది, అదీ నిజం. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు, మన ప్రొఫెసర్లలో, మన పార్టీ నాయకుల్లో చూస్తూనే ఉన్నాం. నా సమస్య వ్యక్తితో కాదు. అవకాశం "ఇచ్చేవాడు" ఎప్పుడూ అటువైపే ఎందుకుంటాడు? కనింగ్‌హమ్ ఆట ఎవరో పెట్టిన భిక్షా? 1979లో రియల్ మాడ్రిడ్ అతనికి తొమ్మిది లక్షల యాభై వేల పౌండ్లు పోసింది. దానం చేయడానికి పోయలేదు. బార్సిలోనా గ్రౌండ్‌లో అతని ఆట చూసి శత్రువుల అభిమానులే చప్పట్లు కొట్టారు. గాయాలు అతన్ని తినేశాయి. 1989లో మాడ్రిడ్ దగ్గర కారు ప్రమాదంలో 33 ఏళ్లకి పోయాడు.

చట్టం ఎప్పుడొచ్చిందో చూడు. స్టేడియంలో జాతి దూషణ నేరమని ఇంగ్లండ్‌లో 1991లో చట్టం చేశారు. అప్పటికి వీళ్లు ముగ్గురూ ఆడిన రోజులు పోయి పదేళ్లు దాటింది. అందులో ఒక కిటుకు పెట్టారు. ఇంకొకరితో కలిసి అరిస్తేనే నేరం. ఒక్కడే అరిస్తే నేరం కాదు! దాన్ని సరిచేయడానికి 1999 దాకా పట్టింది. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ మన 1989 అట్రాసిటీ చట్టంలోని "ప్రజల కంటపడే చోట" అన్న మాట గుర్తు తెచ్చుకోవాలి. నాలుగు గోడల మధ్య తిడితే ఆ సెక్షన్ వర్తించదని ఎన్ని కేసులు కొట్టేశారో మీకు తెలుసు. మనల్ని తిట్టడం ఎక్కడ, ఎంతమంది కలిసి చేస్తే తిట్టినట్టో కూడా వాళ్లే నిర్ణయిస్తారు.

ఆడేవాళ్లు పెరిగారు. ఇవాళ ఇంగ్లండ్ జట్టు చూస్తే నీకు తెలుస్తుంది. నిర్ణయించేవాళ్ల సంగతేంటి? ఇంగ్లండ్‌లో పుట్టిన నల్లజాతి మేనేజర్‌కి ప్రీమియర్ లీగ్ క్లబ్బు దక్కింది 2008లో, పాల్ ఇన్స్‌కి. బాట్సన్ గాయంతో ఆట మానేసి ఆటగాళ్ల యూనియన్‌లో ఏళ్లతరబడి పనిచేశాడు. ఈ ముగ్గురిలో నాకు అందరికంటే ఇష్టం ఆయనే, గోల్స్ కొట్టకపోయినా. అల్బియన్‌నే తీసుకో. హాండ్స్‌వర్త్‌లో జమైకా కుటుంబంలో పుట్టిన డారెన్ మూర్ 2018లో మునిగిపోతున్న జట్టు పగ్గాలు పట్టుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో లీగ్ మొత్తానికి ఉత్తమ మేనేజర్ అవార్డు ఆయనదే. 2019 మార్చిలో జట్టు నాలుగో స్థానంలో ఉండగా తీసేశారు. రంగు చూసి తీసేశారని నేననను, ఆధారం లేదు. అదే 2019లో వెస్ట్ బ్రామిచ్ నడిబొడ్డున కనింగ్‌హమ్, రీజిస్, బాట్సన్‌ల కంచు విగ్రహాలు ఆవిష్కరించారు. రీజిస్ చూడలేదు, 2018 జనవరిలోనే పోయాడు. విగ్రహం ఎంత విలువైందో విగ్రహాల కోసం కేసులు మోస్తున్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ విగ్రహం జట్టు ఎంపిక చేయదు.

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న సంగతి. స్మెథిక్‌లో తెల్లవాళ్ల పబ్బు నిషేధం మీద మనదేశం వాళ్లు పోరాడారన్నాను కదా. హాథార్న్స్‌కి కాస్త దూరంలో, హాండ్స్‌వర్త్‌లో, గురు రవిదాస్ గుడి ఉంది. పంజాబ్ నుంచి వెళ్లిన మనవాళ్లు కట్టుకున్నది. గురుద్వారాలు అన్ని ఉండగా వేరే గుడి ఎందుకు కట్టుకోవాల్సి వచ్చింది? ఒకే కొలుములో తెల్ల మేస్త్రీ చేత తిట్లు తిన్నవాళ్లే, సాయంత్రమయ్యేసరికి పక్కవాడి కులం అడిగారు. బ్రిటన్‌లో కుల వివక్ష ఉందని 2010లో ఆ దేశ ప్రభుత్వం చేయించిన అధ్యయనమే చెప్పింది. 2013లో కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చాలని పార్లమెంటు నిర్ణయించింది. 2018లో ప్రభుత్వం అక్కర్లేదని పక్కన పెట్టేసింది. అడ్డుపడ్డది తెల్లవాళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. హిందూ సంస్థలు వరసకట్టి వద్దన్నాయి. జాతి వివక్ష బాధితులం అని చెప్పుకునే నోళ్లే అవి.

కాబట్టి తమ్ముడూ, నేను కులం వెతకడం లేదు. అది నాకంటే ముందే విమానమెక్కి అక్కడికి చేరింది.

ఒక్క మ్యాచ్ చెప్పి ఆపేస్తాను. 1979 మేలో అల్బియన్ ఆటగాడు లెన్ కాంటెల్లో గౌరవార్థం హాథార్న్స్‌లో ఒక ఆట పెట్టారు. ఒకవైపు అందరూ తెల్లవాళ్లు, ఇంకోవైపు అందరూ నల్లవాళ్లు. ఇవాళ వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరికీ అప్పుడు తప్పనిపించలేదు, ఆడిన వాళ్లకి కూడా. రీజిస్ జట్టులో కనింగ్‌హమ్, బాట్సన్, గార్త్ క్రూక్స్, వుల్వ్స్ నుంచి జార్జ్ బెర్రీ, బాబ్ హేజెల్, ఇంకా కుర్రాడు రెమీ మోజెస్ ఉన్నారు. విడివిడిగా ఒక్కో జట్టులో ఒక్కరో ఇద్దరో ఉండి తిట్లు తినేవాళ్లు, ఆ ఒక్క సాయంత్రం పదకొండు మందీ తమవాళ్లే. బంతి ఎవరికిచ్చినా తమవాడికే. ఆ సాయంత్రం డ్రెస్సింగ్ రూమ్‌లో వాళ్ల మధ్య ఎలాంటి మాటలు నడిచాయో అని నేను తరచూ ఊహించుకుంటూ ఉంటాను.

3-2. గెలిచింది రీజిస్ జట్టు.

వచ్చే ఆదివారం ఆర్థర్ వార్టన్ గురించి. అక్రాలో పుట్టి 1880లలోనే ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్‌గా ఆడిన గోల్‌కీపర్. అవును, గోల్‌కీపరే. 1930లో పోతే 1997 దాకా ఆయన సమాధి మీద పేరు లేదు.

జై భీమ్.